పిట్ట ముట్టని విస్తరి

మా నాన్న పోయిన మూడో రోజు పొద్దున పిట్ట రాలేదు.

మా వైపు మనిషి పోతే మూడో నాడు పూడ్చిన బొంద దగ్గరికి అన్నం తీసుకుపోతాం. విస్తట్లో వడ్డించి, పక్కన గిలాసతో నీళ్లు పెట్టి, అందరం దూరం జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టిందంటే పోయిన మనిషికి ఇక్కడ ఏ కోరికా మిగల్లేదని అర్థం. అప్పుడు పెద్దవాళ్లలో ఒకరు "ముట్టింది" అంటారు. ఆ మాట వినగానే అందరూ వెనక్కి తిరిగి చూడకుండా స్నానాలకు పోతారు. ముట్టకపోతే ఆయన ఇంకా ఈ చుట్టుపక్కలే ఎక్కడో తిరుగుతున్నాడని అంటారు.

ఆ పొద్దున మంచు దట్టంగా ఉంది. మా ఊరి మంచుకు మందు గోళీల వాసన ఉంటుంది. గుమ్మడిదల దాటి లోపలికి వచ్చే ఊళ్లన్నిటికీ అంతే, చుట్టూ మందుల కంపెనీలు. మంచు విడిపోయింది, ఎండ నెత్తి మీదికి వచ్చింది, విస్తట్లో అన్నం ఎండి బిరుసెక్కింది. కాకి కాదు కదా, ఈగ కూడా వాలలేదు.

"ఊర్ల కాకులే లేవు తాతా," అన్నాను నేను. "అన్నీ పటాన్‌చెరు చికెన్ దుకాణాల ఎన్కకు పోయినయ్. మనుషులు జీతాలకు పాయె, కాకులు పేగులకు పాయె."

చిన్నరాములు తాత మా కులంలో పెద్దమనిషి. ఇటువంటి పనులన్నీ దగ్గరుండి చేయిస్తాడు. నా వైపు కూడా చూడకుండా, "పోయిన నెల సోమయ్య పెండ్లానికి వచ్చింది గదా బిడ్డా. ఆమెకు యాడికెళ్లి వచ్చింది?" అన్నాడు.

 మా అమ్మ మొగులమ్మ కొంగు నడుముకు చుట్టుకొని లేచి నిలబడి, "పిట్ట ముట్టేదాకా నేను గూడ ముట్ట," అంది. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. కరెంటు పోయింది అన్నట్టు అంది. ఆ రోజు నుంచి ఆమె నోట్లోకి చాయ్, నీళ్లు తప్ప ఇంకేమీ పోలేదు.

మా నాన్న యాదన్న కూలి మనిషి. వయసులో ఉన్నప్పుడు పటేళ్ల పొలాల్లో, ఒళ్లు సడలాక కంపెనీ గేటు బయట గడ్డి కోసే పనిలో బతుకు వెళ్లదీశాడు. శనివారం పొద్దు గూకాక మాత్రం ఆయన వేరే మనిషి. హనుమాండ్ల గుడి అరుగు మీద భజన మొదలుపెట్టేది ఆయనే, మంగళహారతి దాకా నడిపేది ఆయనే. ఆయన చేతిలో పాత కంచు తాళాలు, పక్కన లింగం పటేలు మద్దెల. లింగం పటేలుకు ఊళ్లో అందరికన్నా ఎక్కువ పొలం ఉండేది, ఇప్పటికీ ఉంది. బజార్లో కనబడితే మా నాన్నను "యాదిగా" అని పిలిచేవాడు. అరుగు మీద కూర్చుంటే "యాదన్నా, ఎత్తుకో" అనేవాడు. ఆ ఒక్క "అన్నా" కోసమే నువ్వు భజనకు పోతున్నావని అమ్మ ఎక్కిరించేది. మా నాన్న నవ్వేవాడు, కాదనేవాడు కాదు.

తర్వాత ఊరు రెండయింది. ఊరి పక్క కంపెనీ ఇంకో బ్లాకు కడతానంది. షామియానా వేసి జనాన్ని అడిగారు. సగం మంది మా పిల్లలకు నౌకర్లు కావాలన్నారు. సగం మంది బోర్లలో నీళ్లు ఎర్రగా వస్తున్నాయి, ఉన్న బ్లాకులు చాలన్నారు. ఆ గొడవ చల్లారకముందే సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. కంపెనీ కావాలనేవాళ్ల వైపు లింగం పటేలు కొడుకు రాజశేఖర్ నిలబడ్డాడు. వద్దనేవాళ్ల వైపు శివశంకర్. మా తమ్ముడు దశరథ్ శివశంకర్ వెంట తిరిగాడు. వాడు చేసేది అదే కంపెనీలో షిఫ్టు డ్యూటీ. లోపల చూసినవాడు కాబట్టే వద్దంటున్నాడు. బువ్వ పెట్టే చెయ్యిని కరుస్తున్నాడని అవతలివాళ్లు వాణ్ణి తిట్టేవారు.

చాయ్ హోటళ్లు రెండయ్యాయి. పెళ్లిళ్లలో బంతులు రెండయ్యాయి. చివరికి భజన దాకా వచ్చింది. రాజశేఖర్ భజనకు కొత్త మైకు ఇప్పించి దాని మీద తన ఫొటో అంటించాడు. దశరథ్ ఆ ఫొటోను గోకి పారేశాడు. అరుగు మీదే చొక్కాలు చింపుకున్నారు. మరునాడు పెద్దమనుషులు కూర్చొని, అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు భజన సామాను పంచారు. హార్మోనియం వీళ్లకు, మద్దెల వాళ్లకు. మైకు వాళ్లకు, చిడతలు వీళ్లకు. తాళాలు చెరిసగం పోగా చివరికి ఒక్క జత మిగిలింది. మా నాన్న పాత కంచు జత అదే. మాకంటే మాకు అని అరుచుకున్నారు. అప్పుడు ఎవరో మేధావి నడుమ దారం కోసి, బిళ్ల ఇటొకటి, అటొకటి పంచిపెట్టాడు. ఒక బిళ్ల మా నాన్నకు, ఒక బిళ్ల లింగం పటేలుకు.

మా దేశంలో ఎక్కడా గొర్రెను కూడా అట్లా పంచుకోరు. అక్కడ అంతమంది ఉన్నారు, ఒక్కరైనా నవ్వలేదు. ఒక్కరు నవ్వి ఉంటే ఊరు బాగుపడేది.

ఆ తర్వాత రెండు భజనలూ ఆగిపోయాయి. మా నాన్న ఆగలేదు. ప్రతి శనివారం గొంగడి కప్పుకొని, ఒంటి బిళ్ల పట్టుకొని ఒక్కడే అరుగు మీదికి పోయేవాడు. దాన్ని అరుగు రాతి అంచుకు కొట్టి పాడేవాడు. నేను పెళ్లయి పటాన్‌చెరులో ఉంటాను, సుల్తాన్‌పూర్‌లో సిరంజిల ప్యాకింగ్‌లో పని. ఒక శనివారం ఊరికి వచ్చి ఆయన అట్లా పాడడం చూశాను. నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. రెండు పార్టీల పోరగాళ్లూ అటూ ఇటూ బండ్ల మీద పోతూ నవ్వుకుంటున్నారు.

"ఎవరి కోసం పాడుతున్నవ్ నాయినా?" అని అడిగాను.

"దేవునికి ఓటు లేదు బిడ్డా. ఆయనను ఎవ్వరు పట్టించుకుంటలేరు. జెరసేపు కూసోని వస్త," అన్నాడు.

ఇంకొకటి కూడా గమనించాను. రాతికి ఒక్కసారి కొట్టి, కాస్త ఆగి, అప్పుడు తర్వాతి మాట ఎత్తుకునేవాడు. ప్రతి చరణానికీ ఆ ఆగడం ఉంది. ఎందుకు ఆగుతున్నావని అడిగితే, అది పటేలు మద్దెల జాగ అన్నాడు. "అది ఆయనది. నేను నింపరాదు. వచ్చిననాడు కూసుంటడు."

"రాకుంటే?"

"రాకుంటే ఖాళీ ఉంటది. జాగైతే ఉంటది గదా."

మూడు వారాల తర్వాత ఒక శనివారం పాడి వచ్చి, గడప మీద కూర్చొని మంచినీళ్లు అడిగాడు. అమ్మ తెచ్చేసరికి పోయాడు. బొందలో దించేటప్పుడు దశరథ్ ఆ తాళం బిళ్లను తెచ్చి నాన్న కుడిచేతి కింద పెట్టాడు. "ఇగ ఇది వాళ్ల చేతికి పోవద్దు," అన్నాడు. అందరూ మన్ను పోశారు.

అయిదో రోజు మళ్లీ పెట్టాం. ఆయనకు ఇష్టమైంది తక్కువయిందేమో అని చుట్టాలు తలా ఒకటి తెచ్చారు. ఒకాయన కల్లు, ఒకాయన బీడీ కట్ట, మా ఆయన పటాన్‌చెరు నుంచి చికెన్ పకోడి. మెడలో తులసి మాల వేసుకొని ఇరవై ఏళ్లు వీటి జోలికి పోని మనిషికి ఇవి పెడతారా అని అమ్మ అన్నీ తీసి పారేసింది. కాకి రాలేదు.

దశరథ్ బొంద దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నాయినా, శివశంకరన్నను గెలిపిస్త. కంపెనీని ఆపుత. ముట్టు నాయినా," అన్నాడు. వాడు నిజంగానే ఏడుస్తున్నాడు. వెనక నిలబడ్డ శివశంకర్ కూడా చేతులు కట్టుకొని, నీ ఆశయం నెరవేరుస్తం అని గట్టిగా అన్నాడు. ఎవరో వీడియో తీశారు. కాకి రాలేదు.

సాయంత్రానికి ఆ వీడియో ఫోన్లలో ఊరంతా తిరిగింది. యాదన్న ఆత్మ అవతలివాళ్లను ఓడించేదాకా శాంతించదని శివశంకర్ వైపువాళ్లు రాశారు. దేవుడి భజనలో రాజకీయం పెట్టిన కొడుకు చేతి కూడు కాకి కూడా ముట్టదని రాజశేఖర్ వైపువాళ్లు రాశారు. బతికి ఉండగా మా నాన్నకు ఒక్క ఓటు. చచ్చాక, కాకి రాని పుణ్యాన, ఊరు ఊరంతా ఆయన్ని ఓట్ల కోసం వాడుకుంది. నాకు ఎవరి మీద ఉమ్మాలో తెలియలేదు.

శబ్దం మొదలైంది ఆ సాయంత్రమే.

దీపాలు పెట్టే వేళ. నేను వాకిట్లో బోళ్లు తోముతున్నాను. గుడి వైపు నుంచి ణంగ్ అని ఒక్కసారి వినబడింది. కంచు రాతికి తగిలిన చప్పుడు. కాస్త ఆగింది. మళ్లీ ణంగ్. నడుమ సరిగ్గా ఒక మద్దెల దెబ్బ పట్టేంత ఖాళీ. మంచంలో పడుకున్న అమ్మ తల ఎత్తి అటు చూసింది. పక్కింటివాళ్లు తలుపులు వేసుకున్న చప్పుడు వినబడింది.

మరునాడూ అదే. దశరథ్‌ను అడిగితే నాకేం వినబడలేదు అన్నాడు. కానీ గుడి ముందు దారి వదిలి, చేను గట్ల మీద చుట్టూ తిరిగి డ్యూటీకి పోయాడు. నేను పనిచేసే చోట తలకు టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు. దయ్యాలను నమ్మడానికి మాకు టైము ఇవ్వరు. అయినా ఆ చప్పుడు విన్నప్పుడు నా చేతిలో బోలె జారిపోయింది. భయం ఒకటే కాదు. ఆ బిళ్ల నేలలో ఉంది. మా నాన్న చేతి కింద పెట్టడం నా కళ్లతో చూశాను.

శనివారానికి అమ్మ గోడ పట్టుకొని నడుస్తోంది. గుమ్మడిదల నుంచి ఆరెంపీ డాక్టరును పిలిపిస్తే గ్లూకోజు ఎక్కిస్తానన్నాడు. అమ్మ చెయ్యి లాక్కుంది. "ఆయన బయట సలికి తిరుగుతుంటే నాకు గ్లూకోజెందుకురా," అంది. సోమవారం పదో దినం. ఆ రోజు కూడా పిట్ట ముట్టకపోతే ఇంక పెట్టే రోజు లేదు. అమ్మ మొండితనం నాకు తెలుసు. ఆమె నాన్న వెనకే పోతుందని నాకు ఖాయంగా అనిపించింది. నాన్నను కాపాడుకోలేకపోయాను, అమ్మను కూడా ఒక కాకి కోసం పోగొట్టుకోవాలా అని కడుపు మండిపోయింది. ఆ మంటలోనే, పొద్దు గూకుతుండగా, చప్పుడు వినబడగానే గుడి దారి పట్టాను.

మంచు అప్పుడే దిగుతోంది. గుడి మీద రెండు పార్టీల జెండాలు, వాటి నడుమ హనుమంతుడి జెండా, మూడూ తడిసి వేలాడుతున్నాయి. అరుగు మీద ఒక మనిషి అటు తిరిగి కూర్చున్నాడు. నల్ల గొంగడి, వంగిన వీపు. చెయ్యి లేచింది, రాతి అంచు మీద పడింది. ణంగ్.

"నాయినా," అని నా నోట్లోంచి వచ్చేసింది.

మనిషి తిరిగాడు. లింగం పటేలు. చేతిలో తన సగం తాళం బిళ్ల.

నాకు ముందు ఊపిరి వచ్చింది, వెంటనే కోపం వచ్చింది. "మీరేనా పటేలా? ఇన్ని దినాల నుంచి మమ్మల్ని భయపెడుతున్నది మీరేనా? మా అమ్మ పానం పోతుందక్కడ."

"నేను వచ్చుడు ఈ ఒక్కనాడే బిడ్డా," అన్నాడు. గొంతు అరిగిపోయింది. "ఇది మా ఇంట్ల గోడ మేకుకు ఏలాడుతది. యాదిగాని అయిదో దినం కానుంచి పొద్దు గూకంగనే మోగుతుంది. మా ఇంటామె కౌసల్యమ్మ గాలి అంటది. తలుపులన్ని పెట్టినంక గాలి యాడిది? గుడి దిక్కు నుంచి ఒకటి వినొస్తది, దానికి ఇది మోగుతది. జవాబు చెప్తె ఆగుతదేమోనని వచ్చిన."

"ఆగిందా?"

ఆయన చేతిలోని బిళ్ల వైపు చూశాడు.  ఇంకొకరైతే నాకు జాలి వేసేదేమో. అప్పుడు వేయలేదు. ఎన్నాళ్ల నుంచో నాలుక మీద ఉన్న మాట బయటికి వచ్చింది.

"నలభై ఏండ్లు పక్కపక్కన కూసున్నరు. యాడాదికొక్కసారి మా ఇంట్ల భజన పెడితె వచ్చి వాకిట్ల మంచం మీద కూసుందురు. మా నాయిన మీకు గిలాసల నీళ్లు తెచ్చి పక్కన పెట్టేటోడు. మీరు ముట్టకపోదురు. మీరు పోయినంక ఆ నీళ్లు తీస్కపోయి తులసి చెట్టుకు పోసేటోడు. ఎందుకు పెడ్తవ్ అని అమ్మ తిడితె ఏమనేటోడో ఎర్కేనా? ఒకనాడు తాగుతడు అనేటోడు."

లింగం పటేలు బిళ్లను ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను ఆ గిలాస సూస్తుంటి బిడ్డా," అన్నాడు. "ప్రతిసారి సూస్తుంటి. దూప గూడ అయితుండె."

 చూడలేదు, దాహం కాలేదు అన్నా బాగుండేది.

"ఎల్లుండి పదో దినం. అమ్మ మెతుకు ముడ్తలేదు," అన్నాను. "మీరు ఒక్కసారి వచ్చి మొక్కి పోతే మా నాయినకు నిమ్మలమైతదేమో."

"మంగళారం ఎలక్షన్. సోమారం నేను మీ బొందకాడ నిలబడితె నా కొడుకు..." అని ఆగిపోయాడు.

"అయితే ఇగ కాకి గూడ ఎలక్షన్ అయినంకనే వద్దామని ఆగింది గావచ్చు పటేలా," అని వెనక్కి తిరిగాను.

పది అడుగులు వేశానో లేదో, వెనక ణంగ్ అంది. ఇంకా కొడుతున్నాడా ఈ ముసలోడు అని తిరిగి చూశాను. ఆయన చేతులు రెండూ గొంగడి లోపల ఉన్నాయి. బిళ్ల ఒళ్లో ఉంది. ఆయన కళ్లు పెద్దవి చేసి నన్నే చూస్తున్నాడు.

ఇంటికి ఎట్లా వచ్చానో నాకు తెలియదు. అమ్మకు ఏమీ చెప్పలేదు.

సోమవారం పొద్దున బొంద దగ్గర జనం ఎప్పటికన్నా ఎక్కువ ఉన్నారు. మా నాన్న మీద ప్రేమతో కాదు, రేపు పోలింగు. ఒక పక్క శివశంకర్, అతని మనుషులు. ఇంకో పక్క గట్టు మీద, దూరంగా, చూడ్డానికి వచ్చామన్నట్టు రాజశేఖర్, అతని మనుషులు. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లు సిద్ధంగా ఉన్నాయి. కాకి వస్తే ఒకరికి లాభం, రాకపోతే ఇంకొకరికి లాభం. అమ్మను నేనూ మా ఆయనా చెరో రెక్క పట్టుకొని తీసుకొచ్చాం. ఆమె ఎంత తేలికైపోయిందంటే, పట్టుకున్నట్టే లేదు.

దశరథ్ విస్తరి వేశాడు. అన్నం, పప్పు, బూరెలు, పక్కన స్టీలు గిలాసతో నీళ్లు. అందరం వెనక్కి జరిగాం. మంచు పల్చబడింది. కంపెనీ పొగగొట్టం కనబడింది, దాని వెనక ఇంకా మొదలుపెట్టని కొత్త బ్లాకు రేకుల కంచె కనబడింది. ఆకాశంలో ఒక్క రెక్క లేదు. చిన్నరాములు తాత కావ్ కావ్ అని పిలిచాడు. ఎనభై ఏళ్ల మనిషి అట్లా గొంతు చించుకొని కాకిని పిలుస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండ ఎక్కింది. ఎవరో ఆవుకు పెడదామన్నారు. చెరువులో చేపలకు వేద్దామన్నారు ఇంకొకరు. ఆ చెరువులో చేపలు తేలి చచ్చి ఎన్నేళ్లయిందో అన్నవాడికే గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

అమ్మ నా చేతుల్లోంచి జారి కింద కూర్చుంది. "ఇగ రాడు," అంది. "నా మీదనే కోపమొచ్చిందేమో."

ఆ సమయంలో గట్టు మీది జనం కదిలారు. వాళ్ల నడుమ నుంచి లింగం పటేలు దిగి వస్తున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో తాళం బిళ్ల. వెనక నుంచి రాజశేఖర్ పరుగెత్తుకొచ్చి భుజం పట్టుకున్నాడు. "బాపూ, ఏం చేస్తున్నవ్? అందరు సూస్తున్నరు. రేపు పోలింగు," అని పళ్ల బిగువున అన్నాడు.

"సూడనీ," అన్నాడు ముసలాయన. భుజం విదిలించుకున్నాడు.

దశరథ్ అడ్డం వచ్చాడు. "ఇప్పుడెందుకు వచ్చినవ్ పటేలా? ఓట్ల కోసమా?"

"ఓట్లు పోగొట్టెతందుకే వచ్చిన బిడ్డా. నా కొడుకు మొకం సూడు, నీకే తెలుస్తది."

దశరథ్ జరగలేదు. అమ్మ కింద నుంచి, "జరుగురా," అంది. వాడు జరిగాడు.

లింగం పటేలు బొంద దగ్గర కూర్చున్నాడు. మొక్కి పోతాడనుకున్నాను. మోకాళ్లు మడిచి విస్తరి ముందు బాసింపట్టు వేసుకున్నాడు, బంతిలో కూర్చున్నట్టు. తలపాగా తీసి పక్కన పెట్టాడు. నాకు విషయం అర్థమయ్యేలోపే చిన్నరాములు తాతకు అర్థమైంది.

"పటేలా, వద్దు. అది పిట్ట కూడు. ముట్టినోడు ఏడాది దాటడంటరు."

"ఎర్కే."

"మీ ఇంట్లవాళ్లు మమ్మల్ని బతకనియ్యరు."

లింగం పటేలు బొంద వైపు తిరిగాడు. "యాదన్నా," అన్నాడు. భజన అరుగు మీద కాకుండా ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. "మనిషిగ ఉండి నీ ఇంట్ల ముట్టలే. పిట్టనై ముడుత."

ముందు గిలాస ఎత్తాడు. ఎత్తి పోసుకోలేదు, అంచుకు పెదవులు పెట్టి తాగాడు, చివరి చుక్క దాకా. గొంతు కదలడం అంత దూరం నుంచి కూడా కనబడింది. తర్వాత అన్నం, పప్పు కలిపి ముద్ద చేశాడు. కొన్ని మెతుకులు మన్నులో పడ్డాయి. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పళ్లు లేని మనిషి, నమలడానికి చాలాసేపు పట్టింది. ఏడుస్తూ నమిలాడు. అటు పక్క కౌసల్యమ్మ పటేలమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది.  ఫోన్లు ఎత్తినవాళ్లు ఎత్తినట్టే ఉన్నారు, కానీ ఆ వీడియో తర్వాత ఎక్కడా కనబడలేదు. దాన్ని ఏ వైపుకు వాడుకోవాలో రెండు పార్టీలకూ తెలియలేదనుకుంటాను.

ఒక్క ముద్దతో నలభై ఏళ్లు కడుక్కుపోతాయని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కోపం నాకు ఇంకా ఉంది. కానీ మా నాన్న వదిలిపెట్టిన ఖాళీలో ఆ మనిషి వచ్చి కూర్చోవడం నేను చూశాను. అది కూడా అబద్ధం కాదు.

"ముట్టింది," అంది అమ్మ.

చిన్నరాములు తాత ఇబ్బందిగా కదిలాడు. ఆ మాట కాకి ముట్టినప్పుడు అనాల్సింది. అనాల్సింది కూడా ఆడవాళ్లు కాదు.

"ముట్టిందంటున్న గద. లేవుండ్రి, తానాలకు నడువుండ్రి," అంది అమ్మ. లేచి నిలబడింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా.

లింగం పటేలు తన బిళ్లను బొంద మీద పెట్టి లేచాడు. అది ఎండకు మెరుస్తూ మన్ను మీద అట్లా ఉంది. దశరథ్ దాన్ని కాసేపు చూశాడు. వంగి, నాన్న కుడిచెయ్యి ఉన్న పక్కన వేళ్లతో మన్ను తవ్వాడు. మోచెయ్యి దాకా తవ్వి, బిళ్లను లోపల పెట్టి, మళ్లీ మన్ను కప్పి అరచేత్తో అదిమాడు. వాడు ఎవరి వైపూ చూడలేదు. లింగం పటేలు కింద పెట్టిన తలపాగాను తీసి, దులిపి ఆయన చేతికి ఇచ్చాడు.

అందరం నడిచాం. దారి ఒక్కటే కాబట్టి రెండు పార్టీలూ కలిసే నడవాల్సి వచ్చింది. ముందు అమ్మ, నేను. మా వెనక లింగం పటేలు, ఆయన వెనక రాజశేఖర్, శివశంకర్, మిగతావాళ్లు. వెనక్కి తిరిగి చూడకూడదు.

చేను గట్టు మలుపు దగ్గర వినబడింది. ణంగ్. కాస్త ఆగి, ఇంకొకటి, దానికి జవాబుగా. రాతికి తగిలిన చప్పుడు కాదు అది. కంచుకు కంచు తగిలితే వచ్చే చప్పుడు. అన్ని కాళ్లూ ఒక్కసారే ఆగాయి. వీళ్లవీ, వాళ్లవీ.  ఎవరూ తిరిగి చూడలేదు. లింగం పటేలు కుడిచెయ్యి మాత్రం తొడ మీద మెల్లగా ఒక్క దెబ్బ వేసింది, మద్దెల మీద వేసినట్టు.

అందరికన్నా ముందు అమ్మే కదిలింది. రెండడుగులు వేసి నా భుజం మీద చెయ్యి వేసింది.

"అరుణా," అంది. "ఆకలైతుంది బిడ్డా."